కాలేయానికి కోత, కండకు పరీక్ష

కాలేయంలోని క్యాన్సర్ గడ్డను కోసి తీసే ఆపరేషన్ ఎలా ముగుస్తుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుందని చాలాకాలం అనుకున్నారు. గడ్డ ఎంత పెద్దది, మిగతా కాలేయం ఎంత బాగుంది, సర్జన్ చెయ్యి ఎంత తిరిగింది అన్నవి ఆ మూడు. తర్వాత నాలుగోది వచ్చి చేరింది. అది రోగి ఒంట్లో మిగిలివున్న సత్తువ. ఒకే వయసు, ఒకే సైజు గడ్డ, ఒకేలాంటి రక్తపరీక్షల ఫలితాలు ఉన్న ఇద్దరిలో ఒకరు వారం పది రోజుల్లో నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు. రెండోవారు న్యుమోనియాతో, పొట్టలో చేరిన నీటితో, పొంతనలేని మాటలతో నెలరోజులు మంచంలోనే ఉండిపోతారు. ఈ తేడాకు దారితీసే నిస్సత్తువను వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు.

ఫ్రెయిల్టీ అంటే వయసు మీరడం కాదు, ఒక జబ్బు పేరూ కాదు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, మెదడు, రోగనిరోధక వ్యవస్థ, వీటన్నిటికీ రోజువారీ అవసరాన్ని మించి కొంత మిగులు శక్తి ఉంటుంది. జ్వరమో దెబ్బో ఆపరేషనో వచ్చినప్పుడు శరీరం ఆ మిగులును వాడుకుని నిలదొక్కుకుంటుంది. అది అన్నిచోట్లా ఒకేసారి తరిగిపోయిన మనిషి పైకి బాగానే తిరుగుతుంటాడు గానీ ఒక్క దెబ్బకే కూలబడతాడు. రాయలసీమలోని కదిరి మెట్టల్లో బోరు ఉన్న ప్రతి రైతుకూ ఇది తెలిసిన సంగతే. మోటారు వేయగానే నీళ్ళు పడినంత మాత్రాన కింద ఎంత నీరుందో తెలియదు, వరసగా నాలుగు గంటలు ఆడిస్తే తెలుస్తుంది. కాలేయ ఆపరేషన్ అలా గంటల తరబడి ఆడించే పరీక్ష.

ఈ నిస్సత్తువను కొలవడానికి అమెరికా వైద్యురాలు లిండా ఫ్రైడ్, ఆమె సహచరులు 2001లో ఐదు గుర్తులు పెట్టారు. ప్రయత్నం లేకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోల బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గిపోవడం. వీటిలో మూడు ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టు, ఒకటో రెండో ఉంటే దాని గడపలో ఉన్నట్టు. కెనడాలో కెనెత్ రాక్‌వుడ్ బృందం 2005లో మరో దారి పట్టింది. మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా, బజారు పనికి తోడు కావాలా, స్నానానికీ తోడు కావాలా అని అడిగి తెలుసుకుని ఒక అంకె వేస్తుంది వాళ్ళ స్కేలు. ఇప్పుడది 1 నుంచి 9 వరకు ఉంది. 65 దాటినవారిని దృష్టిలో పెట్టుకుని చేసిన కొలత అది. మన దగ్గర కాలేయ క్యాన్సర్ చాలామందికి యాభైలలోనే బయటపడుతుంది కాబట్టి ఆ అంకెను యథాతథంగా తీసుకోవడం కంటే కండరాల బలాన్ని నేరుగా కొలిచి చూడటం మంచిది.

కాలేయంలో కనిపించే క్యాన్సర్ ప్రధానంగా రెండు రకాలు. పెద్దపేగు వంటి మరోచోట పుట్టి రక్తం వెంట వచ్చి చేరేది ఒకటి, కాలేయ కణాల్లోనే పుట్టేది ఇంకొకటి. ఈ రెండోది ఎక్కువగా అప్పటికే దెబ్బతిని గట్టిపడిన కాలేయంలో, అంటే సిర్రోసిస్ ఉన్నచోట పుడుతుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, షుగరుతో ఊబకాయంతో వచ్చే కొవ్వు కాలేయం దీనికి ముఖ్య కారణాలు. హెపటైటిస్-బి టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారుచేసి చౌకగా అందించింది. ఇప్పుడు యాభై అరవై ఏళ్ళ వయసులో ఉన్నవారి చిన్నతనానికి మాత్రం ఆ టీకా అందుబాటులో లేదు.

వేరుశనగ పండే నేల మీద ఇంకో కారణాన్నీ చెప్పుకోవాలి. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6, కదిరి లేపాక్షి వంటి రకాలు దేశమంతా తెలిసినవే. కాయ ఊరే దశలో చివరి కొన్ని వారాలు వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి చొరబడి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయ క్యాన్సర్‌కు ఇది రుజువైన కారకం. హెపటైటిస్-బి ఉన్న మనిషి ఒంట్లోకి ఇది కూడా చేరితే రెండు ముప్పులు కూడుకోవడంతో ఆగవు, ఒకదానితో ఒకటి హెచ్చవుతాయి. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ జబ్బు బారిన పడ్డారు, వంద మందికి పైగా చనిపోయారు. దాని వెనక అఫ్లటాక్సిన్ ఉందని నివేదించింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. వేయించినా ఉడకబెట్టినా ఈ విషం పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన, నల్లబడిన, బూజు పట్టిన గింజల్ని ఏరి పారేయడమే ఇంట్లో చేయగలిగిన పని.

ఈ కారణాలన్నీ ఏళ్ళ తరబడి నెమ్మదిగా పనిచేసేవి. అందుకే గడ్డ స్కానింగులో కనిపించే నాటికి కాలేయం ఒక్కటే దెబ్బతిని ఉండదు, ఒంటి మీద కండ కూడా కరిగిపోయి ఉంటుంది.

ఆపరేషన్ విషయానికొస్తే, కాలేయం కిలో పావు నుంచి కిలోన్నర బరువుండే అవయవం. ఫ్రెంచి సర్జన్ క్లోద్ క్వినో 1957లో దీన్ని ఎనిమిది భాగాలుగా గుర్తించి చూపాడు. ఒక్కో భాగానికి సొంత రక్తనాళం, సొంత పిత్తనాళం ఉంటాయి కాబట్టి ఒకటో రెండో భాగాలు తీసేసినా మిగతావి పనిచేస్తూనే ఉంటాయి. అంతేకాదు, మిగిలిన ముక్క వారాల్లో నెలల్లో పెరిగి దాదాపు పాత బరువుకు చేరుతుంది. మన ఒంట్లో మరే పెద్ద అవయవానికీ ఈ శక్తి లేదు. కాకపోతే పెరిగేదాకా బతికించడానికి మిగిలిన ముక్క సరిపోవాలి. ఆరోగ్యమైన కాలేయంలో 20 నుంచి 25 శాతం మిగిలితే చాలంటారు. కీమోథెరపీ తీసుకున్నవారికి 30 శాతం, సిర్రోసిస్ ఉన్నవారికి 40 శాతం కావాలి. అంత మిగలదనుకుంటే, తీసేయబోయే వైపుకు పేగుల నుంచి రక్తం తీసుకెళ్ళే పోర్టల్ సిరను ముందే మూసేసి, రెండో వైపు పెరిగేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు.

కాలేయానికి కోత పడితే కండకు ఏమిటి సంబంధం? ఉంది, చాలా దగ్గరి సంబంధం. పేగుల్లో తయారయ్యే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి మూత్రంలో పంపించేస్తుంది. కాలేయంలో సగం పోయినప్పుడు ఈ పని వెనకబడి, అమ్మోనియా రక్తంలో పేరుకుని మెదడుకు చేరుతుంది. మనిషి మగతగా, అయోమయంగా తయారవుతాడు. అలాంటప్పుడు అమ్మోనియాను పట్టుకుని గ్లుటమిన్‌గా మార్చి భారం పంచుకునేది కండరమే. తొడల్లో, వీపులో కండ లేని రోగికి ఆ రెండో రక్షణ ఉండదు.

రెండో సంబంధం మాంసకృత్తులది. కోత పడగానే శరీరం గాయం మాన్పుకోవాలి, రక్తం గడ్డకట్టించే పదార్థాలు తయారుచేయాలి, ఇన్‌ఫెక్షన్లతో పోరాడాలి, కొత్త కాలేయ కణాలను పుట్టించాలి. వీటన్నిటికీ కావలసిన అమైనో ఆమ్లాలకు ఒంట్లో ఉన్న అతిపెద్ద నిల్వ కండరం. ఆపరేషన్ తర్వాత తిండి సరిగ్గా ఎక్కని రోజుల్లో శరీరం కండను కరిగించుకుని గండం గట్టెక్కుతుంది. కరిగించుకోవడానికే లేనివారికి గాయం మానదు, రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోతుంది, పొట్టలోకి నీరు చేరుతుంది. దగ్గడానికీ లోతుగా ఊపిరి తీయడానికీ కండరబలమే కావాలి కాబట్టి ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. ఇవన్నీ విడివిడి ఇబ్బందుల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే.

సిర్రోసిస్ ఉన్నవారి పరిస్థితి మరీ కష్టం. మామూలు మనిషికి రాత్రి భోజనం తర్వాత తెల్లవారేదాకా కాలేయంలో దాచిన చక్కెర సరిపోతుంది. సిర్రోసిస్ కాలేయంలో ఆ నిల్వ తక్కువ. ఒక్క రాత్రి పస్తుకే వారి శరీరం, ఆరోగ్యవంతులు రెండు మూడు రోజులు పస్తున్నప్పటి స్థితికి చేరి, కండను తినడం మొదలుపెడుతుంది. ప్రతి రాత్రీ ఇదే జరుగుతుంటే ఏడాది తిరిగేసరికి దండ చేయి సన్నబడక ఏమవుతుంది?

ఫలితాల మీద దీని ప్రభావాన్ని లెక్కగట్టిన అధ్యయనాలు పలు దేశాల నుంచి వచ్చాయి. జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయం వైద్యులు కాలేయ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న 186 మంది సీటీ స్కాన్లను తీసి, నడుము దగ్గరి మూడో వెన్నుపూస ఎత్తులో కండ ఎంతుందో కొలిచారు. 75 మందికి ఉండాల్సినంత లేదు. కండ ఉన్నవారిలో అయిదేళ్ళు బతికినవారు సుమారు 84 శాతం కాగా, లేనివారిలో 71 శాతం. 2013లో అచ్చయిన ఈ అధ్యయనంలో ప్రత్యేకంగా చేయించిన పరీక్ష ఏదీ లేదు. గడ్డ కోసం తీసిన స్కాన్‌లోనే ఆ సమాచారం కూడా ఉంది. మన ఊళ్ళ రోగులు చంకలో పెట్టుకుని తిరిగే సీటీ ఫిల్ముల్లో కూడా ఉంటుంది, చూసేవారుంటే.

అమెరికా సర్జన్ల సంఘం నడిపే జాతీయ రికార్డుల నుంచి ఇంకా సులువైన లెక్క వచ్చింది. షుగరు, మందులు వాడుతున్న రక్తపోటు, దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధి, గుండె వైఫల్యం, సొంత పనులకు ఇతరుల మీద ఆధారపడటం, ఈ ఐదింటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే. ఆ సంఖ్య పెరిగేకొద్దీ పెద్ద ఆపరేషన్ల తర్వాత ఐసీయూకు చేర్చే స్థాయి ఇబ్బందులు, మరణాలు పెరుగుతాయని తేలింది. కాలేయ ఆపరేషన్లలోనూ అదే కనిపించింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చాలా ఆపరేషన్ల ఫలితాలను 30 రోజుల దగ్గర లెక్కగడతారు. కాలేయం విషయంలో అది చాలదు, 90 రోజులు చూడాలి. మిగిలిన ముక్క నెమ్మదిగా చేతులెత్తేసే ప్రమాదం రెండో నెలలోనూ ఉంటుంది. అప్పటికి రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసి ఉంటాడు.

ఇంత ముఖ్యమైన సంగతిని కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. చేతులు లేని కుర్చీ ఒకటి, సెకన్లు చూపే గడియారం ఒకటి చాలు. రోగి చేతులు రెండూ ఎదమీద కట్టుకుని కుర్చీలోంచి లేచి, పూర్తిగా నిటారుగా నిలబడి, మళ్ళీ కూర్చోవాలి. ఇలా ఐదుసార్లు. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం దీనికి 12 సెకన్లు, అంతకుమించి పడితే కండ బలం తగ్గినట్టు. చూస్తే తెలిసిపోతుంది కూడా. బలం ఉన్నవారు మామూలుగా లేస్తారు. లేనివారు ముందుకు వంగి ఊపు తెచ్చుకుంటారు, మూడోసారికి చేతులు ఎదమీంచి జారి తొడల మీదికి వస్తాయి, నాలుగోసారికి ఊపిరి అందదు. రెండో పరీక్ష, వరండాలో గీసిన ఆరు మీటర్ల దూరాన్ని మామూలు నడకతో దాటడం. ఆరు సెకన్లు మించితే నడక మందగించినట్టే. చేతి పట్టు కొలిచే పరికరం ఉంటే మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోలు హద్దు. కాలేయ మార్పిడి కోసం వేచివున్నవారి కోసం కాలిఫోర్నియాలో జెన్నిఫర్ లై బృందం తయారుచేసిన కాలేయ ఫ్రెయిల్టీ సూచికలోనూ ఉన్నవి పిడికిలి పట్టు, కుర్చీ, ఒంటి నిలకడ, ఈ మూడే.

కరువు సీమలో ఈ కొలతలు లేకుండా కంటిచూపుతో అంచనా వేస్తే రెండు విధాలా పొరపడే ప్రమాదం ఉంది. అరవై దాటినా చేనికి పోయి కలుపు తీసే మనిషిని చూసి గట్టిపిండం అనుకుంటాం. పనికి పోకపోతే గడవదు కాబట్టి ఆ మనిషి పోతుండవచ్చు, ఇంటికొచ్చి మంచాన వాలిపోతుండవచ్చు. చిన్నప్పటి నుంచి బక్కగా ఉన్నా ఐదుసార్లు చకచకా లేచి కూర్చునేవారూ ఉంటారు, వారిని బలహీనులని తోసిపుచ్చడం అన్యాయం. బరువు చూసే యంత్రం ఇంకా మోసం చేస్తుంది. పొట్టలో అయిదారు లీటర్ల నీరు చేరితే అయిదారు కిలోలు పెరిగినట్టు చూపిస్తుంది, ఆ నీటి చాటున కండ కరిగిపోవడం కనబడదు. నడుము కొలత పెరుగుతూ, దండ చేయీ పిక్కలూ సన్నబడుతుంటే అది కాలేయ రోగి కండ కోల్పోతున్న గుర్తు.

గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ముప్పై దాటిన ప్రతివారి దగ్గరా నింపే ఆరోగ్య ఫారంలో, అరవై దాటినవారి కోసం కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నారా? తినడానికి, స్నానానికి, బట్టలు వేసుకోవడానికి ఇంకొకరి సాయం కావాలా? ఫ్రెయిల్టీ విచారణకు మొదటి మెట్టు ఇదే. ఆ కాగితం క్యాన్సర్ సర్జన్ బల్ల మీదికి చేరే ఏర్పాటు ఒక్కటి ఉంటే ఎంత మేలు జరుగుతుందో చెప్పలేం.

నిస్సత్తువను కొలవడం రోగిని వెనక్కి పంపడానికి కాదు. అందులో కొంత భాగాన్ని వారాల్లోనే సరిదిద్దవచ్చు, కొలవడానికి అసలు కారణం అదే. లివర్‌పూల్‌లో కాలేయ ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాల్లో 12 సార్లు సైకిల్ వ్యాయామం చేయించి చూశారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల్లో గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం, జీవన నాణ్యత రెండూ మెరుగుపడ్డాయి. అది 38 మందితో చేసిన చిన్న ప్రయోగం. బార్సిలోనాలో పొట్టలో పెద్ద ఆపరేషన్లకు వెళ్ళే ముప్పు ఎక్కువున్న రోగులకు ఇలాంటి శిక్షణ ఇస్తే ఆపరేషన్ తర్వాతి చిక్కులు 62 శాతం మంది నుంచి 31 శాతానికి తగ్గాయి. వైద్యులు దీన్ని ప్రీహ్యాబిలిటేషన్ అంటారు.

కదిరి రోగికి ఆ నాలుగు వారాలు ఎలాగూ దొరుకుతాయి. స్థానికంగా స్కాన్, అక్కడి నుంచి ధర్మవరం-పాకాల రైలు మార్గంలో తిరుపతికో, బస్సులో బెంగళూరుకో ప్రయాణం, మళ్ళీ పరీక్షలు, బయాప్సీ అవసరమైతే అది, ఆరోగ్యశ్రీ అనుమతి, ఆపరేషన్ తేదీ. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో, కదిరి అప్పట్లో ఉన్న అనంతపురం ఒకటి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. మధ్యలో గడిచే వారాల్లో మాత్రం రోగి ఇంట్లో దిగులుతో పడుకుని, తిండి తగ్గించి, ఉన్న కాస్త కండనూ పోగొట్టుకుంటాడు. కాలేయ జబ్బు అనగానే ఇంట్లో మొదలయ్యే పథ్యం దీనికి తోడు. ఉప్పు, నూనెతోపాటు పప్పు, గుడ్డు, మాంసం కూడా మాన్పించి మజ్జిగన్నంతో సరిపెడతారు. ప్రేమతో చేసే పనే, కానీ జరిగేది హాని. అమ్మోనియా పెరుగుతుందని మాంసకృత్తులు తగ్గించే పద్ధతిని వైద్యశాస్త్రం కూడా ఒకప్పుడు పాటించింది, తర్వాత తప్పని తెలుసుకుని వదిలేసింది. పొట్టలో నీరున్నవారు ఉప్పు తగ్గించుకోవడం ఒక్కటే ఆ పథ్యంలో నిలబడే మాట.

ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. సిర్రోసిస్ రోగికి, పెద్ద ఆపరేషన్‌కు సిద్ధమయ్యేవారికి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. యాభై కిలోల మనిషికి ఇది 60 నుంచి 75 గ్రాములు. రెండు పూటలా రాగి సంగటి తిన్నా అందులో వచ్చేది ఇరవై గ్రాముల లోపే. మిగతాది యాభై గ్రాముల ఉలవల గుగ్గిళ్ళ నుంచి 11 గ్రాములు, రెండు గుడ్ల నుంచి 12, రెండు గ్లాసుల పాల నుంచి 12, జాగ్రత్తగా ఏరిన వేరుశనగ గింజలు పిడికెడు తింటే 7 గ్రాములు, ఇలా కూడబెట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పడుకోబోయే ముందు ఏదైనా తినడం. ఒక గ్లాసు పాలు, రెండు ఇడ్లీలు అయినా సరే, రాత్రి పస్తు చిన్నదవుతుంది. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం నుంచే కడుపు మాడ్చడం కూడా అనవసరం. మత్తు డాక్టరు వేరే చెప్పకపోతే గట్టి ఆహారం ఆరు గంటల ముందు, నీళ్ళు రెండు గంటల ముందు ఆపితే చాలు.

వ్యాయామం అంటే రోజూ అరగంట నడక, పూటకు పదిసార్లు కుర్చీలోంచి లేవడం, ఊపిరి పీల్చే సాధన. అన్నవాహికలో సిరలు ఉబ్బివున్న సిర్రోసిస్ రోగులు బిగబట్టి బరువులెత్తకూడదు. ఎండోస్కోపీ చేసిన డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. బీడీ, మద్యం కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి. రక్తహీనత, షుగరు ఉంటే అదుపులోకి తేవాలి. ఆపరేషన్ అయ్యాక మంచం దిగడం కూడా వైద్యంలో భాగమే. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్ని పదిరోజులు మంచంలో ఉంచి చూస్తే కాళ్ళలోనే కిలో దాకా కండ పోయిందని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ‘లేవద్దు, పడుకో’ అని అడ్డుపడే కుటుంబసభ్యులకు ఈ సంగతి ముందే చెప్పాలి.

ఇంత చేసినా సత్తువ కూడకపోతే నిర్ణయం మారవచ్చు. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డను సూదితో వేడి పుట్టించి కాల్చేయవచ్చు. పెద్ద కోతకు బదులు లాప్రోస్కోపీతో చిన్న భాగం తీయవచ్చు. గడ్డకు రక్తం అందించే నాళంలోకి మందు పంపి మూసేయవచ్చు. ఏది ఎంచుకున్నా, ‘ఆపరేషన్ చేస్తే బతుకుతాడా’ అన్న ప్రశ్నతోపాటు ‘మళ్ళీ తన కాళ్ళ మీద తాను తిరుగుతాడా’ అన్నదాన్నీ రోగి ముందు, రోగితోనే మాట్లాడాలి. కొందరికి రెండోదే ముఖ్యం. ఆ మాట చెప్పే హక్కు వారిది, పక్కన నిలబడ్డ కొడుకులదీ అల్లుళ్ళదీ కాదు.

సిర్రోసిస్ కాలేయంలో గడ్డ తీసేశాక కూడా అయిదేళ్ళలో సగానికి పైగా రోగుల్లో కొత్త గడ్డ పుడుతుంది. అందుకే మొదటి రెండేళ్ళు మూడు నాలుగు నెలలకోసారి స్కాన్, కాలేయ క్యాన్సర్‌ను సూచించే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయిస్తారు. అదే రోజున ఆరు మీటర్ల నడకనూ ఐదుసార్లు లేచి కూర్చోవడాన్నీ మళ్ళీ కొలిచి పాత అంకెల పక్కన రాసిపెట్టాలి. గడ్డ తిరిగి వస్తే రెండో ఆపరేషనా, సూదితో కాల్చడమా, మందులా అన్నది తేల్చేటప్పుడు స్కాన్ ఫిల్ముతోపాటు ఆ అంకెలూ డాక్టరు ముందు ఉంటాయి.